పొయ్యి మనది, చెరువు మల్కిభరాముడిది

"పట్నం అన్నావు కదరా, సముద్రం ఏది?"

కారు దిగుతూనే మా పిన్ని అడిగిన మొదటి మాట అది. ఆమెది చీరాల పక్కన ఓడరేవు. పుట్టింది అక్కడే, చేపల బేరం నేర్చుకున్నది అక్కడే. ఆమె లెక్కలో పట్నం అంటే రేవు. మచిలీపట్నం, విశాఖపట్నం, భీమునిపట్నం, కృష్ణపట్నం... సముద్రం లేని పట్నం ఒక్కటి చూపించమంటుంది. కోస్తాలో ఆ మాట ఎక్కువగా అలల పక్కనే తిరిగింది మరి. తెలంగాణలో సంగతి వేరు. ఇక్కడి పల్లెల్లో "పట్నం పోతున్న" అంటే హైదరాబాదు పోతున్నాననే. ఊరి పేరులోనే పట్నం పెట్టుకున్న ఇబ్రహీంపట్నం వాళ్లు కూడా పొద్దున్నే 277 నంబరు బస్సెక్కి పట్నం పోతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పేరుతో కృష్ణా ఒడ్డున, విజయవాడ పక్కనే మరో ఊరుంది. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. జగిత్యాల జిల్లాలో ఇంకొకటి. మా పిన్ని కొడుకు ఫోనులో దారి పెట్టుకుంటే ముందు ఆ కృష్ణా ఒడ్డుకే తీసుకెళ్తానంది. మేం వచ్చింది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానికి. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ దారిలో ముప్పై కిలోమీటర్లు. ఎల్‌బీ నగర్ దాటాక బొంగులూరు గేటు, మంగళ్‌పల్లి, ఇంజనీరింగు కాలేజీల బోర్డులు, వెంచర్ల రంగు జెండాలు. ఆ జెండాల వెనక ఎక్కడో పొలాలు. ఆ పొలాల్లో ఈ మధ్య పుట్టుకొచ్చిన పంట ఒకటుంది: రోజు కిరాయికి ఇచ్చే ఇళ్లు.

జనం వీటిని ఫామ్‌హౌస్ అంటారు. ఫామూ అంతంత మాత్రమే, హౌసూ అంతంత మాత్రమే. మాకు దొరికిన దానిలో రెండు గదులు, ఒక వరండా, నాలుగు మామిడి చెట్లు, మూడు జామ చెట్లు, పిల్లల మోకాలి లోతు నీలం పలకల కొలను. ఓనరు నగరంలో ఉంటాడు. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర. "వంట మీరే చేసుకోవచ్చు, గ్యాసుంది, గిన్నెలున్నయ్" అని ఫోనులోనే చెప్పారు. నాకు అదే నచ్చింది. పిన్నికి అదే నచ్చలేదు. "సెలవుకొచ్చి కూడా పొయ్యి దగ్గరేనా?" అంది. అని, ఇంట్లోకి అడుగుపెట్టి, చెప్పులు విడిచి, తిన్నగా వెళ్లింది వంటింట్లోకే.

కిరాయి ఇంటి వంటిల్లు ఎలా ఉంటుందో చూడాలంటే పిన్ని వెంట నడవాలి. రెండు బర్నర్ల స్టవ్, ఒకటే వెలుగుతుంది. అడుగు సొట్టపోయిన పెద్ద గిన్నె ఒకటి. కుక్కరుంది, దాని గాస్కెట్టు లేదు. స్టీలు పళ్లేలు ఏడు, గ్లాసులు పదకొండు, అన్నీ వేరువేరు ఇళ్ల నుంచి వచ్చినట్టు. బీరు సీసాల మూతలు తీసే సాధనం మాత్రం మూడు. గరిటె ఒక్కటీ లేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు గడ్డకట్టి రాయైంది. దాని పక్కనే, ఎవరు వదిలి వెళ్లారో, సగం చింతపండు ఉండ కాగితంలో చుట్టి ఉంది. పిన్ని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "పాత చింతపండే. మంచిదే" అని పైన పెట్టింది. అంతకుముందు వచ్చి వెళ్లిన మనిషి ఎవరో తెలియకుండానే ఆమె మెప్పు పొందారు.

మీరే వండుకోండి అనే ఈ ఏర్పాటును కొత్త నాగరికత అనుకుంటే పొరపాటు. మనకు దానికి ఎప్పటి నుంచో మాటుంది: స్వయంపాకం. వెనకటి సత్రాల్లో ఒకరి చేతి వంట తినని బాటసారికి బియ్యం, పప్పు, కూరలు, కట్టెలు ఇచ్చి పంపేవారు. పొయ్యి మూడు రాళ్లు, నీళ్లు పక్క బావివి. ఆ ఏర్పాటు వెనక మడి ఉంది, కులం ఉంది, దాన్ని తుడిచేసి మురిసిపోనక్కర్లేదు. కానీ ప్రయాణంలో వంట మనిషి వెంట నడిచింది. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు మీదుగా కాశీ వెళ్లి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తిరగేస్తే, గుళ్లూ గోపురాలూ ఒక ఎత్తు, ప్రతి మజిలీలో నీళ్లు బాగున్నాయా, అంగళ్లున్నాయా, సామాను దొరుకుతుందా అన్న ఆరా మరో ఎత్తు. నేటి వాళ్లు కిరాయి ఇంటి గురించి ఫోనులో అడిగేవి కూడా ఇంచుమించు అవే. వైఫై ఒక్కటి కలిసింది.

ఇదే జిల్లాలో దీనికి ఇంకో పాయ ఉంది. కొత్తూరు దగ్గర ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ దర్గా. మొక్కు తీరినవాళ్లు మేకను తోలుకుని, గిన్నెలు, మసాలాలు మోసుకుని వచ్చి, అక్కడే కోసి, అక్కడే వండి, అక్కడే బంధువులకు పెడతారు. దాని పేరు కందూరు. హిందువులూ చేస్తారు, ముస్లింలూ చేస్తారు. పొద్దున చెట్టు కింద పొయ్యి పెట్టి, సాయంత్రం బూడిద వదిలి వెళ్లిపోతారు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు ఎలాగూ ఉన్నాయి. మన వాళ్లకు ఊరు కదలడమంటే పొయ్యి మార్చడం. ఎక్కడో కూర్చుని ఎవరో వండింది తినడం చాలా ఆలస్యంగా అంటుకున్న అలవాటు.

మర్నాడు తెల్లారకముందే చెరువు కట్టకు వెళ్లాం. రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, ఏడు దాటితే బయట నిలబడలేం.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువును కట్ట మీద నుంచి మొదటిసారి చూసినవాళ్లు కాసేపు మాట్లాడరు. వెయ్యి ఎకరాలు దాటిన నీటి పరుపు అది. పిన్ని కూడా మాట్లాడలేదు. తర్వాత, "అలలు లేవు గానీ..." అని ఆగింది.

ఈ చెరువుకూ ఊరికీ పేరిచ్చినవాడు ఇబ్రహీం కుతుబ్ షా. 1550 నుంచి 1580 వరకు గోల్కొండ ఏలాడు. హుస్సేన్‌సాగర్ తవ్వించింది, మూసీ మీద పురానాపూల్ కట్టించింది కూడా ఆయన హయాంలోనే. గద్దె ఎక్కకముందు అన్నకు భయపడి పారిపోయి ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల నీడన తలదాచుకున్నాడు. తెలుగు అక్కడే ఒంటబట్టింది. తర్వాత తెలుగు కవులను పోషించాడు. అద్దంకి గంగాధరుడు 'తపతీ సంవరణోపాఖ్యానం' ఈయనకే అంకితమిచ్చాడు. మన కవుల నాలుకలకు ఇబ్రహీం తిరగక మల్కిభరాముడయ్యాడు. ఏడేళ్లు ఎవరి ఉప్పు తిన్నాడో, 1565లో ఆ రామరాయల మీదికే మిగతా సుల్తానులతో కలిసి తళ్లికోటకు వెళ్లాడన్నది వేరే సంగతి. రాజుల స్వయంపాకం అలాగే ఉంటుంది.

చెరువు తవ్వించడం ఒక ఎత్తు, నింపడం ఒక ఎత్తు. నిజాం కాలంలో దీనికోసం ఫిరంగి నాలా తవ్వారు. షాబాద్ మండలం చందనవెల్లి దగ్గర ఈసీ నీటిని మళ్లించి, శంషాబాద్ మీదుగా, దారిలో ఉన్న చెరువులను ఒక్కొక్కటే నింపుకుంటూ ఇక్కడికి చేర్చే కాలువ అది. తవ్వించిన ఇంజనీరు తెల్లదొర కాబట్టి ఫిరంగి అన్నారు. ఇప్పుడా కాలువ చాలాచోట్ల వెంచర్ల కింద, రోడ్ల కింద ఉంది. అందుకే దశాబ్దాల తరబడి ఈ చెరువు సగం నిండడమే గొప్ప అన్నట్టు బతికింది. 2022 వానలకు అలుగు పారినప్పుడు జనం బండ్లు కట్టుకుని చూడ్డానికొచ్చారు. అలుగు పారడం ఎన్నడూ చూడకుండానే పిల్లల తండ్రులైనవాళ్లు చాలామంది ఉన్నారు ఆ గుంపులో. పక్కనే ఉప్పరిగూడ అనే ఊరుంది. మట్టి తవ్వి కట్టలు పోసిన ఉప్పరుల పేరు. రాజు పేరు చెరువుకు, తట్ట మోసినవాళ్ల పేరు పక్క పల్లెకు.

నీళ్ల మీద ఏదో తెల్లగా కదిలింది. దగ్గరికొస్తే థర్మాకోల్ ముక్కలను సంచిలో కుట్టి, తాళ్లతో బిగించిన తెప్ప. మీద ఒక మనిషి గొంతుక్కూర్చుని రెండు చేతుల్లో రెండు రేకు ముక్కలతో నీళ్లు తోస్తున్నాడు. పిన్నికి నవ్వాగలేదు. ఓడరేవులో ఫైబరు పడవలు చూసిన కళ్లు మరి. ఆయన ఒడ్డుకొచ్చి వల దులిపాక మాత్రం నవ్వు ఆగింది.

"రవ్వలు సారు. ఇయ్యాల తెల్లారి పడ్డయి. బొచ్చెలు నిన్ననే పట్నం పోయినయ్."

చేపను కొనేముందు పిన్ని చేసే పరీక్ష చూడాల్సిందే. ఎడమ చేతి బొటనవేలితో మొప్ప ఎత్తింది. లోపల నెత్తురు రంగు. కన్ను చూసింది, ఉబ్బి, తేటగా ఉంది. పొట్ట మీద వేలితో నొక్కి వదిలింది. గుంట పడలేదు. అయినా మొహంలో ఒప్పుదల లేదు. చివరికి ముక్కు దగ్గరికి తీసుకుని, "మట్టి వాసనరా" అంది, ఆయన వినకుండా అన్నాననుకుని.

ఆయన భార్య విన్నది. గట్టు మీద బూడిద పెట్టుకుని పొలుసు తీస్తోంది ఆమె. "సెరువుల మట్టి ఉండదా పెద్దమ్మా? సముద్రం చాపకు ఉప్పు వాసన రాదా?"

ఈ మట్టి వాసన సంగతి చెప్పుకోవాల్సిందే. దాని పేరు జియోస్మిన్. నిలవ నీటిలో పెరిగే నీలి నాచు, మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. చేప మొప్పల్లోంచి ఒంట్లోకి పోయి కొవ్వులో నిలుస్తుంది. మనిషి ముక్కు దీనికి ఎంత పదునంటే, లీటరు నీటిలో గ్రాములో వంద కోట్లవ వంతులు ఏ కొన్ని ఉన్నా పసిగడుతుంది. తమాషా ఏమిటంటే తొలకరి చినుకుకు నేల లేపే వాసనలో ఉన్నది కూడా ఇదే. నేల మీద ఉంటే ఆహా అంటాం, పళ్లెంలో ఉంటే ఛీ అంటాం. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది. అంటే తెలంగాణ పెద్దమ్మలు చెరువు చేపను చింతపండు చిక్కటి పులుసులో వేయడం ఉత్త రుచి కోసం కాదన్న మాట. ఆమె ఆ లెక్కలేవీ చెప్పలేదు. "ఉప్పు, పసుపు రుద్ది, సల్ల పోసి జరంతసేపు ఉంచున్రి. బొడ్డు కాడి నల్లపొర గీకున్రి. గప్పుడు సూడు" అంది. చల్లలో ఉన్నదీ పులుపే.

పిన్ని బేరం ఆడలేదు. నేను చూస్తుండగా ఆమె బేరం ఆడకుండా చేప కొనడం అదే మొదటిసారి. రెండు రవ్వలు, నాలుగు కిలోల పైచిలుకు. కొర్రమట్ట దొరుకుతుందా అని అడిగితే ఆయన నవ్వాడు. కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప. నీళ్లు తగ్గినా బురదలో ఊపిరి పీల్చి బతికే మొండి ఘటం. ఈ ఎండిపోయే చెరువుల దేశానికి అంతకన్నా తగిన గుర్తు లేదు. కానీ దాని ధరకు అది కట్ట మీద ఆగదు, వల దిగుతూనే ఎవరిదో ఫోను వచ్చేస్తుంది.

"మా వైపు ఇప్పుడు వేట బంద్" అని పిన్ని చెప్పడం మొదలుపెట్టింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. చేప గుడ్లు పెట్టే కాలం. ఇంజను లేని తెప్పలకు మినహాయింపు. వేసవి సెలవులకని హైదరాబాదు నుంచి ఓడరేవుకు, రామాపురానికి, సూర్యలంకకు కార్లు కట్టుకుని వెళ్లేవాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే వెళతారు. గెస్ట్‌హౌస్ వాళ్లు ఐసు పెట్టెలోంచి తీసి "తాజా చేపండీ" అంటారు. మిగతా నెలల్లో అయితే అక్కడి తీరు చూడముచ్చట. తెల్లవారి పడవ ఒడ్డుకు రాగానే ఇసుకలోనే పాట. చందువలు, కానాగంతలు, మాగలు, రొయ్యలు. పాటలో కొన్నది గెస్ట్‌హౌస్ వంటామె చేతిలో పెడితే మధ్యాహ్నానికి ఇగురూ వేపుడూ. సముద్రం మూసి ఉన్న ఆ రెండు నెలలూ ఇక్కడ చెరువు తెరిచి ఉంటుంది. వానల్లో వదిలిన పిల్ల ఎదిగి, నీళ్లు తగ్గి, వలకు అందేది ఎండాకాలంలోనే. ఇంకో పది రోజుల్లో మృగశిర. ఆ రోజు ఈ రాష్ట్రంలో చేప తినని ఇల్లు వెతకాలి. నాంపల్లి మైదానంలో చేప మందు, రాంనగర్ మార్కెట్టులో తోపులాట. చెరువు మీద బతికేవాళ్లకు ఏడాది లెక్క తేలేది ఆ వారంలోనే.

ఆ లెక్క గురించి ఆయన్నే అడిగాను. చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సొసైటీది. ముదిరాజులు, గంగపుత్రులు ఈ పని చేసే కులాలు. ఏ చెరువులో ఎవరి హక్కు ఎంతన్నది చాలా ఊళ్లలో తెగని పంచాయతీ, అందులోకి నేను దిగను. 2016 నుంచి ప్రభుత్వమే చేపపిల్లలను ఉచితంగా చెరువుల్లో వదులుతోంది. బొచ్చె, రవ్వ, మిరిగ, బంగారు తీగ. "పిల్ల లేటొస్తే చాప సన్నగైతది" అన్నాడాయన ముక్తసరిగా. పిల్ల ఆగస్టులో పడిందా నవంబరులో పడిందా అన్నదాన్ని బట్టి మేలో చేప తూగుతుంది. అంతకు మించి అడిగేలోపు ఆయన వల సర్దుకోవడంలో పడ్డాడు.

ఎండ ఎక్కుతుంటే కట్ట మీద నడిచాం. నీళ్లు దిగిన మేర నల్లటి ఒండ్రు, పగుళ్లు. దాన్ని శిఖం అంటారు. నీళ్లు తగ్గినప్పుడు పండించుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత ఎఫ్‌టీఎల్. పాతిక ఎకరాలు దాటిన చెరువుకు ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు బఫరు. దశాబ్దాలు నిండని చెరువులో ఈ గీత ఎక్కడుందో మనుషులు మర్చిపోతారు, కాగితం మాత్రం మర్చిపోదు. 2022లో నీళ్లు వచ్చి గుర్తుచేశాయి. నీళ్ల అందం చూపించి కిరాయికిచ్చే ఇల్లు ఆ నీళ్లకు ఎంత దూరంలో ఉందో చూడ్డం నాకు అప్పటి నుంచి అలవాటైంది. మేం దిగిన ఇల్లు చాలా దూరంలోనే ఉంది. మామిడి చెట్టెక్కితే తప్ప చెరువు కనబడదు. ప్రకటనలో మాత్రం "లేక్ వ్యూ".

ఈ వ్యాపారం ముదిరితే ఎలా ఉంటుందో చూసిన ఊళ్లున్నాయి. ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన సెయింట్ ఐవ్స్ అని పాత బెస్తల ఊరు. వల ఆరేసుకున్న ఇళ్లు చాలావరకు సెలవు ఇళ్లయ్యాయి. చలికాలం వీధి పొడుగునా దీపాలుండవు. ఊళ్లో పుట్టిన పిల్లలకు ఇల్లు కొనే తాహతు పోయింది. 2016లో ఊరు ఓటింగు పెట్టుకుని, ఇక కట్టే కొత్త ఇళ్లు అక్కడే కాపురముండేవాళ్లకే అని తీర్మానించుకుంది. ఇబ్రహీంపట్నంలో ఇంకా అంత లేదు. ఇక్కడ కిరాయి ఇళ్లు పొలాల్లో లేచాయి తప్ప బెస్తల వాడలో కాదు. కానీ ఆదిబట్లలో విమాన భాగాల ఫ్యాక్టరీలు, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వచ్చాక ఎకరం ధర వింటే, ఆ తెప్ప మీది మనిషి కొడుకు చెరువు గట్టున గజం జాగా కొనగలడా అన్నది లెక్క అక్కర్లేని లెక్క.

ఇంటికొచ్చే దారిలో బజారులో ఆగాం. పల్లీలు, ఎండుకొబ్బరి, మెంతులు, సంచెడు కట్టెలు. ఆ ఒక్క బర్నరు మీద పులుసు పెట్టనని పిన్ని ఖండితంగా చెప్పేసింది. ఒక గరిటె కూడా. కొట్టతను "గంటెనా?" అని అడిగి ఇచ్చాడు.

వాచ్‌మన్ భార్య మూడు రాళ్లు తెచ్చి మామిడి కింద పొయ్యి పెట్టింది. తర్వాత అక్కడే కూర్చుండిపోయింది, పల్లీలు వేయిస్తానంటూ. పిన్ని చేపల పులుసులో పల్లీపొడి ఎప్పుడూ వెయ్యలేదు. ఓడరేవులో చింతపండు, మిరప్పొడి, ఉల్లి, పచ్చిమిర్చి, దించే ముందు కొత్తిమీర, అంతే. ఇక్కడ ధనియాలు, మెంతులు, ఎండుకొబ్బరి, పల్లీలు వేయించి నూరి కలపందే పులుసు కాదు. ఇద్దరి మధ్య పది నిమిషాలు సంధి చర్చలు నడిచాయి. చివరికి మెంతులు, కొబ్బరి ఒప్పుకుంది, పల్లీలు సగానికి తగ్గించింది. చల్లలో నానిన ముక్కలు కడిగి, వాసన చూసి, ఏమీ అనలేదు. కిరాయి ఇంట్లో దొరికిన ఆ చింతపండు ఉండ, మేం కొన్నది, రెండూ కలిపే పిసికింది.

పులుసు మరుగుపట్టాక నేను కొత్త గరిటె అందించబోయాను. ఇద్దరూ ఒక్కసారే కసిరారు. ఒకరు "గరిటె పెడతావురా, ముక్క చెదిరిపోదూ?" అని, ఒకరు "గంటె వెడ్తరా సారూ అండ్ల?" అని. చేప ఉడికేటప్పుడు గరిటె పెట్టకూడదు, గిన్నె అంచులు పట్టి తిప్పాలి. పిన్ని కొంగు ఒక పక్క, వాచ్‌మన్ భార్య కొంగు ఒక పక్క పట్టుకుని ఆ సొట్ట గిన్నెను పొయ్యి మీదే మెల్లగా అటూ ఇటూ తిప్పారు. పులుసు అంచుదాకా వచ్చి వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. "అదిగోరా నీ అల" అంది పిన్ని.

మధ్యాహ్నం తిన్నదానికన్నా మర్నాడు పొద్దున చద్దన్నంలో తిన్న పులుసే బాగుంది. మట్టి వాసన వచ్చిందా అని అడిగాను. "అడక్కు, తిను" అంది.

తాళం చెవి ఇచ్చేముందు పిన్ని వంటిల్లు కడిగింది. ఉప్పు రాయిని పారేసి కొత్త ఉప్పు పోసింది. మిగిలిన చింతపండును అదే కాగితంలో చుట్టి, అదే చోట పెట్టింది. గరిటెకు అంటించిన ధర చీటీ కూడా ఊడలేదు. దాన్ని సంచిలో వేసుకోబోయి, ఆగి, గోడకున్న మేకుకు తగిలించింది.